గుడిసెల పండుగ

రాత్రంతా చేలోనే పడుకున్నా. సజ్జ గింజ గట్టిపడే టైము ఇది. నల్లమల అంచు చేలున్నోళ్ళకి చెప్పక్కర్లేదు, అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగితే చాలు, పొద్దున్నే పోయి చూసుకుంటే ఏడవటానికి కూడా కంకి మిగలదు. మా గుడిసె ఏం గొప్పది కాదు. నాలుగు గుంజలు, అడ్డకర్రలు, పైన జొన్నచొప్ప, దాని మీద నీలం టార్పాలిన్. మా నాయన కాలంలో ఆ టార్పాలిన్ లేదు. బోద కప్పేవాళ్ళు. పండుకుని పైకి చూస్తే సందుల్లో చుక్కలు కనపడేవి. వాన వస్తే ముందు కాళ్ళు తడిసేవి, తర్వాత తల.

ఆ చుక్కల గురించే ఈ రోజు రాస్తున్నా. పైకప్పులోంచి చుక్కలు కనపడేటట్టు గుడిసె కప్పుకోవాలని చెప్పి, దాన్ని పండుగ చేసుకుని, రెండు వేల ఏళ్ళకు పైగా పాటిస్తున్న జనం ఉన్నారు. యూదులు. పండుగ పేరు సుక్కోత్. సుక్కా అంటే గుడిసె, సుక్కోత్ అంటే గుడిసెలు.

ఇజ్రాయెల్ అంటే మన రైతుకి ముందు గుర్తొచ్చేది డ్రిప్పు. 1965లో హట్జెరిమ్ అనే కిబ్బుట్జ్‌లో, సింహా బ్లాస్ అనే ఇంజనీరు ఆలోచనతో మొదలైన ఆ పైపు ఇయ్యాల మన బత్తాయి తోటలో, మిరప సాళ్ళలో ఉంది. టీవీలో అయితే యుద్ధం గుర్తొస్తుంది. వాళ్ళకి ఒక కోతల పండుగ ఉందని, అది మన కల్లం కాడి పనికి చానా దగ్గరగా ఉంటుందని నాకూ ఈ మధ్య దాకా తెలీదు. చదివే కొద్దీ ఒక మాట మీద ఆగిపోయా, అదేందో చివర్లో చెప్తా. ముందు పండుగ సంగతి.

వాళ్ళ నెలలు కూడా మన మాదిరే చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. పంటల కాలంతో తేడా రాకుండా 19 ఏళ్ళకి 7 అధికమాసాలు కలుపుకుంటారు. అందుకని సుక్కోత్ ఎప్పుడూ పౌర్ణమి వెన్నెల్లోనే మొదలవుతుంది. తిష్రీ నెల 15వ తేదీ. పంచాంగం పెట్టి చూసుకోండి: 2023లో భాద్రపద పౌర్ణమి నాడు, సెప్టెంబరు 29 సాయంత్రం. 2024లో అక్టోబరు 16, 2025లో అక్టోబరు 6, ఈ రెండూ ఆశ్వయుజ పౌర్ణమి కాడికే వచ్చాయి. వాళ్ళ రోజు సాయంత్రంతో మొదలవుతుంది కాబట్టి తొలి పని వెన్నెల్లో గుడిసెలో కూర్చుని తినడమే.

ఏడు రోజులు. ఎనిమిదో రోజు ఇంకో పండుగ అతుక్కుని ఉంటుంది. గుడిసె వేయడానికి లెక్కలున్నాయి, క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే గ్రంథంలో ఒక భాగమంతా దీనికే. గోడలు దేంతో కట్టినా పర్లేదు, పైకప్పు మాత్రం నేలలో మొలిచిందే అయుండాలి, కోసి తెచ్చిందై ఉండాలి. బతికున్న చెట్టు కింద వేస్తే చెల్లదు. (మన చింతచెట్టు నీడ పనికి రాదన్నమాట.) లోపల ఎండ కంటే నీడ ఎక్కువుండాలి. మరీ ఎత్తు ఉండకూడదు, మరీ పొట్టిగా ఉండకూడదు. బండి మీద వేసినా, పడవ మీద వేసినా చెల్లుతుంది. ఎద్దులబండి మీద గుడిసె కట్టుకుని ఎండాకాలం గొర్రెల ఎరువుకి తిరిగిన మా తాతకి ఈ ముక్క చెప్పుంటే తెగ నవ్వేవాడు. ఇంకోటి కూడా ఉంది. వాన పడి పళ్ళెంలో వండింది పాడయ్యేటట్టుంటే లేచి ఇంట్లోకి పోవచ్చు. నియమం రాసినోళ్ళు కూడా ఎప్పుడో తడిసినోళ్ళే అనిపించింది నాకు.

ఎందుకు గుడిసె? రెండు కారణాలు చెప్తారు. లేవీయకాండం 23వ అధ్యాయంలో ఉన్న కారణం, ఐగుప్తు నుంచి బయటపడి అరణ్యంలో తిరిగినప్పుడు ఇట్లా గుడిసెల్లో ఉన్నారు కాబట్టి అది మర్చిపోకుండా ఉండాలని. కానీ నిర్గమకాండం 23లో ఇదే పండుగకి పేరు వేరే. కూర్పు పండుగ, అంటే చేలో పండింది ఇంటికి చేర్చుకునే పండుగ. ద్వితీయోపదేశకాండం 16లో ఇంకా వివరంగా, కల్లంలో గింజ, తొట్టిలో ద్రాక్షరసం చేరిన తర్వాత చేసుకోమని ఉంది. చానామంది పండితులు చెప్పేదేందంటే, ముందు ఇది ఉత్త రైతు పండుగ. కోతల టైములో ద్రాక్షతోటలో, చేలో కాపలాకి గుడిసె వేసుకుని అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్ళు. అరణ్యం కథ తర్వాత కలిసింది. యెషయా ప్రవక్త తన ఊరి దిక్కులేనితనాన్ని చెప్పటానికి ద్రాక్షతోటలో మిగిలిపోయిన కాపలా గుడిసెతో పోల్చాడు, ఆయన అక్కడ వాడిన మాట కూడా సుక్కానే. కోతలైపోయిన తర్వాత చేలో ఒంటిగా నిలబడ్డ గుడిసె ఎట్లుంటుందో మనకి తెలుసు గదా.

తెలుగు బైబిల్లో ఈ పండుగని పర్ణశాలల పండుగ అన్నారు. ఆ మాట ఎంచుకున్నోళ్ళకి ఏం తోచిందో గానీ, పర్ణశాల అంటే మనకి భద్రాచలం పక్కన దుమ్ముగూడెం కాడి పర్ణశాల, సీతారాములు గుర్తొస్తారు. చదువురాని మా అవ్వకి కూడా ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు.

ఇక నీళ్ళ సంగతి. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా చుక్క పడదు. పండింది ఇంటికి చేరేసరికి బావులు అడుగంటి ఉంటాయి, ముందున్నది విత్తే కాలం. కాబట్టి పండుగలో సగం సంతోషం, సగం భయం. యెరూషలేములో దేవాలయం ఉన్న రోజుల్లో సిలోయము కోనేటి నుంచి బంగారు చెంబుతో నీళ్ళు తెచ్చి బలిపీఠం మీద పోసేవాళ్ళు, రాత్రంతా దీపాలు వెలిగించి ఆడేవాళ్ళు. లోకానికి ఏడాది నీళ్ళు ఎంతన్నది ఈ పండుగలోనే తేలుతుందని వాళ్ళ నమ్మకం. అయినా వాన కోసం ప్రార్థన మాత్రం ఎనిమిదో రోజే చేస్తారు. ఎందుకంటే మధ్యలో వాన పడితే గుడిసెలో ఉండలేరు, అడగకూడనప్పుడు అడిగినట్టు. ఎప్పటి నుంచి వానని తలుచుకోవాలని వాళ్ళ పండితులు ఇద్దరు వాదించుకున్నది కూడా రాసిపెట్టారు. మన దగ్గర అయితే వాదనే లేదు. గిద్దలూరు రైతు ఏ రోజైనా అడుగుతాడు, ఏ దేవుణ్ణయినా అడుగుతాడు.

ఈ పండుగకి నాలుగు రకాలు చేతిలో పట్టుకోవాలి. విచ్చుకోని ఖర్జూరపు మట్ట, మర్టిల్ అనే సువాసన మొక్క రెమ్మలు, వాగు ఒడ్డున పెరిగే విల్లో కొమ్మలు, ఒక పండు. ఆ పండు మాదీఫలం. అవును, కడుపుతో ఉన్నోళ్ళకి వాంతులు తగ్గటానికి ఆయుర్వేదం షాపులో మాదీఫల రసాయనం అని సీసా ఇస్తారే, అదే కాయ. గరుకు తోలు, లోపల రసం తక్కువ, వాసన మాత్రం ఇల్లంతా. ఈ చెట్టు పుట్టిల్లు హిమాలయాల కింది ఈశాన్య భారతం వైపే. అక్కడి నుంచి పర్షియా మీదుగా పడమటికి పోయింది. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దాన్ని పర్షియా ఆపిల్ అని రాశాడు. యెరూషలేము పక్కన రామత్ రాహెల్ అనే చోట పర్షియన్ల కాలం నాటి రాజు తోట గోడ పూతలో దీని పుప్పొడి దొరికింది. అంటే మన దిక్కు పండు, వాళ్ళ పండుగలో రాజు.

ఆ పండుకి రక్తం కథ కూడా ఉంది. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం తొలినాళ్ళలో అలెగ్జాండర్ యన్నాయ్ అనే రాజు, ఆయనే ప్రధాన యాజకుడు, ఈ పండుగ రోజు బలిపీఠం కాడ నిలబడితే జనం తిట్టుకుంటా చేతుల్లో ఉన్న మాదీఫలాలు తీసి కొట్టారు. జోసెఫస్ అనే చరిత్రకారుడు రాశాడు ఇది. రాజు సైనికుల్ని వదిలాడు, ఆరు వేల మంది దాకా చచ్చారని ఆయన లెక్క. పండుగ అనంగానే అందరూ చేతులు పట్టుకుని పాడారనుకోవద్దు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఒక ఉత్తరం. దేవాలయం 70వ సంవత్సరంలో రోమన్ల చేతిలో కూలిపోయింది. 132 నుంచి 135 దాకా బర్ కోఖ్బా అనే నాయకుడు మళ్ళీ తిరుగుబాటు చేశాడు. మృతసముద్రం పక్కన కొండ గుహలో 1960లో యిగాయెల్ యాదీన్ అనే పురాతత్వవేత్తకి ఆయన ఉత్తరాలు దొరికాయి. వాటిల్లో ఒకటి ఈ పండుగ గురించే. రెండు గాడిదల్ని పంపుతున్నా, వాటితో ఇద్దరు మనుషుల్ని పంపి ఖర్జూరపు మట్టలు, మాదీఫలాలు కట్టించి పంపండి, మర్టిల్ రెమ్మలు, విల్లో కొమ్మలు మీ దగ్గర నుంచి వేరే వాళ్ళని పంపి తెప్పించండి, పదోవంతు తీసి మరీ పంపండి, మా దండు పెద్దది. సారం ఇంతే. నెత్తి మీద రోమ్ సైన్యం ఉంది, ఆయన బాధ గాడిదల మీద ఎన్ని మట్టలు వస్తాయని. పెళ్ళి ముందు రోజు అరిటాకుల కోసం ఫోన్లు చేసే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

ఇదంతా సరే, మనకేంటి సంబంధం అంటారా? గిద్దలూరు నుంచి 544డి రోడ్డు పట్టుకుని మిరపకాయలు గుంటూరు యార్డుకి తోలేవాళ్ళం మనం. గుంటూరు దాటి కాస్త పోతే చేబ్రోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కోనేటి మధ్యలో చతుర్ముఖ బ్రహ్మకి గుడి కట్టించిన ఊరు. దాని పక్కన కొత్తరెడ్డిపాలెం. ఆ ఊళ్ళో యూదుల ప్రార్థనా మందిరం ఉంది, 1990ల మొదట్లో పెట్టింది. అందులో ప్రార్థన చేసేది విదేశీయులు కాదు, తెలుగు మాట్లాడే మాదిగ కుటుంబాలు. కొన్ని పదుల కుటుంబాలు, ఎక్కువమంది కూలిపనికి పోయేవాళ్ళు. తమని తాము బెనె ఎఫ్రాయిమ్ అంటారు, ఎఫ్రాయిము సంతానం అని. వాళ్ళు చేసుకునే పండుగల్లో సుక్కోత్ ఒకటి.

అక్కడికి ఎట్లా వచ్చారో తెలుసుకోవాలంటే మన గుండ్లకమ్మ ఒడ్డు నుంచే మొదలుపెట్టాలి. నల్లమలలో పుట్టి, కంభం చెరువుని నింపి, ఒంగోలు పక్కగా సముద్రంలో కలిసే ఏరు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. కరువు నడిచేటప్పుడు కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్ళకి దారి వేసింది అంతకు ముందే 1866లో క్రైస్తవుడైన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. దొరల కంటే ముందు పల్లె పల్లె తిరిగింది ఆయన లాంటి వాళ్ళే. మన కంభంలోనూ ఆ మిషన్ స్టేషను వచ్చింది.

ఆ బైబిలు చేతికొచ్చి వంద ఏళ్ళు గడిచింది. 1980లలో షమూయేల్ యాకోబి అనే క్రైస్తవ బోధకుడు యెరూషలేము చూసి వచ్చాడు. హీబ్రూ నేర్చుకున్నాడు. మనం ఎఫ్రాయిము గోత్రం వాళ్ళం, క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో అష్షూరు వాళ్ళు ఉత్తర రాజ్యాన్ని కూల్చినప్పుడు చెదిరిపోయి, పర్షియా, ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకి వచ్చి, ఇక్కడ అంటరానివాళ్ళుగా తొక్కబడ్డాం అని చెప్పాడు. ఆయన, తమ్ముడు సాదోక్ కలిసి సమాజాన్ని నిలబెట్టారు. 2002లో షమూయేల్ దీని మీద పుస్తకం కూడా రాశాడు, తెలుగు మాటలకీ హీబ్రూ మాటలకీ చుట్టరికం కలుపుతా. ఎద్దుమాంసం తినటం మన పాత ఇశ్రాయేలు అలవాటే అని వాదించాడు. ఏ కూడు తిన్నందుకు ఊరు దూరం పెట్టిందో ఆ కూడునే వంశానికి సాక్ష్యంగా చూపించాడన్నమాట.

నిజమేనా? నాకు నమ్మకం కుదరలేదు. ఆ రాకకు శాసనం లేదు, పాత రాత లేదు. మాటల పోలిక ఏ రెండు భాషల మధ్యనైనా వెతికితే నాలుగు దొరుకుతాయి. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు అక్కడ ఉండి చూసి 2013లో పుస్తకం వేశారు. వాళ్ళు వంశం నిజమా అబద్ధమా తేల్చే పని పెట్టుకోకుండా, ఈ మాట కులంతో చేసే కొట్లాట ఏంటని చూశారు. అదే సరైన ప్రశ్న అనుకుంటా. మిజోరం, మణిపూర్‌ల బెనె మెనషె వాళ్ళని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు గుర్తించారు, వేలమంది పోయి అక్కడ స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలెం వాళ్ళకి అట్లాంటి గుర్తింపు రాలేదు. ఇక్కడ మళ్ళీ ఇంకో చిక్కు. మన చట్టం ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి మాత్రమే. యూదుడినని కాగితం మీద రాస్తే రిజర్వేషను పోతుంది. అంటే ఈ పండుగ చేసుకోవటం వాళ్ళకి ఉత్త సరదా కాదు.

ఇప్పుడు ముందు చెప్తానన్న మాట. ద్వితీయోపదేశకాండం 16లో ఈ పండుగ ఎవరెవరు చేసుకోవాలో పట్టీ ఉంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ పనివాడు, పనిమనిషి, భూమి లేని లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు. భూమి ఉన్నోడు ఒక్కడే చేసుకుంటే అది చెల్లదు. లేవీయకాండంలో పండుగల అధ్యాయం మధ్యలోనే ఇంకో మాట ఇరికించారు, చేను అంచులు పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరొద్దు, అది బీదోళ్ళది, పరదేశిది అని. పరిగె అన్న మాట మన పిల్లలకి తెలీదు ఇప్పుడు. కోత మిషను వచ్చాక పరిగె యాడుంది?

మా తాత కల్లం నాకు లీలగా గుర్తు. చాకలికి, మంగలికి, వడ్లకి, కమ్మరికి మేర కొలిచేవాళ్ళు. మాదిగాయన ఏడాది పొడుగునా కపిల బానకి తోలు కుట్టాడు, పగ్గాలు పేనాడు, చెప్పులు కుట్టాడు. ఆ తోలుబానతోనే బావి నీళ్ళు చేనుకెక్కాయి, ఆ నీళ్ళతోనే పంట పండింది. కానీ కల్లం లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. కట్టకి అవతల దుప్పటి పరిచి నిలబడేవాడు. మా తాత చేటతో పైనుంచి పోసేవాడు, చెయ్యి తగలకుండా. చివర్లో కల్లం ఊడ్చిన మట్టి గింజలు కూడా ఆయనకే, అది హక్కు అనేవాళ్ళు. మా తాత చెడ్డోడు కాదు, ఊళ్ళో అందరూ మంచోడనే చెప్తారు. అందుకే ఇది రాయటం కష్టంగా ఉంది.

ఆ కట్టకి అవతల నిలబడినోళ్ళ మనవలు గుంటూరు జిల్లాలో ఒక ఊళ్ళో, సెంటు భూమి లేకుండా, పంట ఇంటికొచ్చిన పండుగ మాది అంటున్నారు. ఎఫ్రాయిము నుంచి వచ్చారా లేదా అన్నది పక్కన పెట్టి చూస్తే, కోసింది వాళ్ళ చేతులే, నూర్చింది వాళ్ళ చేతులే.

అన్నట్టు ఈ పండుగలో ప్రతి రాత్రి ఒక పెద్దమనిషిని గుడిసెలోకి రమ్మని పిలిచే ఆచారం కూడా ఉంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, మోషే, అహరోను, యోసేపు, దావీదు, ఏడు రాత్రులకి ఏడుగురు. కనపడని చుట్టాలు. కనపడే చుట్టాలూ రావాలి, ఇంటోళ్ళు, స్నేహితులు, పక్కింటోళ్ళు, తినకుండా పోకూడదు. కొచ్చిలో 1568లో కట్టిన మందిరం ఇంకా ఉంది, అక్కడి యూదులు కొబ్బరి మట్టలతో కప్పేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళలో చానామంది ఇజ్రాయెల్‌లో ఉన్నారు. 2023 అక్టోబరు 7 దాడి జరిగింది కూడా ఈ పండుగ కొసలో, ఆ ఎనిమిదో రోజునే. ఆ తర్వాత గాజాలో జరిగింది మీకు తెలుసు. అక్కడా ఆలివ్ కోతల కాలం అదే.

మా గుడిసె బోద కప్పించాలనుకుంటున్నా ఈసారి, టార్పాలిన్ తీసేసి. మా ఊళ్ళో బోద కప్పటం వచ్చినాయన మాదిగపల్లెలో ఒక్కడే మిగిలాడు, వయసు డెబ్భై పైన. నిన్న పోయి అడిగా. బోద నువ్వు కోపించు, వచ్చి కప్పుతా, గానీ పైకి ఎక్కలేను, కిందుండి చెప్తా, నీ కొడుకుని ఎక్కించు అన్నాడు. మా వాడు హైదరాబాదులో ఉంటాడు, దసరాకి వస్తాడు. కప్పిన రోజు అన్నం చేలోనే. ఆయన్ని గుడిసె లోపల కూర్చోమంటా. కూర్చుంటాడో, అలవాటు కొద్దీ గట్టు మీద కూర్చుంటాడో చూడాలి.